దూరపు కొండల నునుపు

అనువాదకుణ్ణి నెలల తరబడి బల్ల దగ్గర కూర్చోబెట్టేది, చివరి పుట ముగిసిన నాడు కలగబోయే ఆనందాన్ని గురించిన ఊహ. ఆ నాడు వస్తుంది, ఆనందమూ వస్తుంది. కాని వారం తిరగకముందే మనస్సు మరో గ్రంథం కోసం వెతకనారంభిస్తుంది.

ఇది నా ఒక్కడి స్వభావం కాదు. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీ గెలిచిన 22 మందిని, గెలవని మరో 22 మందితో పోల్చి చూశారు. విజేతల సంతోషం చెప్పుకోదగినంత హెచ్చుగా లేదు. పైగా మిత్రులతో ముచ్చటించడం, పత్రిక చదవడం వంటి చిన్న సుఖాలు వారికి కొంత చప్పబడ్డాయి. శాశ్వతోద్యోగం లభించిన అధ్యాపకులకూ లభించనివారికీ సంతోషంలో అట్టే తేడా లేదని 1998లో డేనియల్ గిల్బర్ట్ బృందం ప్రకటించింది. నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారు మాత్రం ఆ తేడా చాలా ఉంటుందని ఊహించారు.

మన ఊహ ఇలా ఎందుకు తప్పుతుంది? పరిణామవాదులు ఇచ్చే సమాధానం ఆలోచింపదగినది. ప్రకృతి వరణానికి కావలసింది జీవి మనుగడ, సంతానం. సంతోషం ఒక సాధనం మాత్రమే. మొదటి పండుతో శాశ్వత తృప్తి కలిగితే, ఏ జీవీ రెండవ పండు కోసం చెట్టెక్కదు. ఆశ స్వల్పమైతే మొదటి చెట్టూ ఎక్కదు. కనుక ఆశ పెద్దదిగా, తృప్తి క్షణికంగా ఉన్న జీవులే నిలిచాయని వారి వాదం. గతాన్ని ప్రయోగశాలలో పునఃసృష్టించలేము గనుక దీనిని తుది తీర్పుగా గాక, బలమైన ఊహగా స్వీకరించడమే ఉచితం. అయితే వుల్ఫ్రామ్ షుల్జ్ కోతులపై జరిపిన ప్రయోగాలు దీనికి కొంత ఊతమిస్తాయి. పళ్ళరసం మొదట అనుకోకుండా దొరికినప్పుడు వాటి మెదడులోని డోపమిన్ కణాలు స్పందించాయి. అలవాటయ్యాక రసం రాబోతున్నదన్న సంకేతానికే స్పందించాయి, రసానికి కాదు.

ఈ విషయం నాకు కేవలం శాస్త్రచర్చ కాదు. మా అమ్మాయి వైద్య ప్రవేశపరీక్షకు రెండవసారి చదువుతున్నది. సీటు వస్తే జన్మ ధన్యమనీ, రాకపోతే బ్రతుకే లేదనీ ఆమె నమ్మకం. ఆశ మానుకొమ్మని నేను చెప్పను. ఆ ఆశే లేకుంటే తెల్లవారుజామున లేచి చదివే శక్తి ఎక్కడిది? "నిన్ను నడిపించడం వరకే ఆశ పని తల్లీ, జోస్యం దానికి చేతకాదు. ఫలితం ఎటు తేలినా, ఏడాది తిరిగేసరికి నీకు నవ్వుకోవడానికీ విసుక్కోవడానికీ కొత్త కారణాలుంటాయి" అని మాత్రం చెబుతాను.

దూరపు కొండలు నునుపన్న పెద్దలు కొండ ఎక్కవద్దనలేదు. అక్కడా రాళ్ళుంటాయని తెలిసి బయలుదేరినవారు రాళ్ళను చూసి క్రుంగిపోరు.