ఒకటి, పది, వంద, రెండు



నిఘంటువు చూడడం తెలిసినవారికి అకారాది క్రమాన్ని గూర్చి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. రెండు మాటలలో ఏది ముందో తేల్చవలసి వస్తే, వాటి ఎడమ అంచులు కలిపి, మొదటి అక్షరం మొదలుకొని ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చుకుంటూ పోతాం. తేడా కనబడిన చోట తీర్పు అయిపోతుంది. ఆ తరువాత ఏ మాట ఎంత పొడవున్నదన్న విచారణ లేదు. 'కలకలం' అన్న మాటలో నాలుగు అక్షరాలున్నా, రెండే అక్షరాలున్న 'కవి' కంటె అది ముందే వస్తుంది.

సంఖ్యల సంగతి వేరు. కూడిక నేర్పే ఉపాధ్యాయుడు మొదట చెప్పే మాట, ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వ్రాయమని. అంటే సంఖ్యలకు కలపవలసినది కుడి అంచు. మన పూర్వులు భూతసంఖ్యలతో సంవత్సరాలు చెప్పినప్పుడు కూడా ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు నడిచారు. నేత్రమంటే రెండు, చంద్రుడంటే ఒకటి. నేత్రాన్ని ముందు చెప్పి చంద్రుణ్ణి తరువాత చెబితే పన్నెండు అవుతుంది గాని ఇరవై ఒకటి కాదు. మాటకు ఆరంభం ముఖ్యం, సంఖ్యకు అంతం ముఖ్యం. ఎక్కడ ముగిసిందో తెలిస్తే గాని ఎన్ని స్థానాలున్నాయో తెలియదు, స్థానాలు తెలిస్తే గాని విలువ తెలియదు.

ఈ భేదం కంప్యూటరుకు తనంతట తెలియదు. ఒక ఫైలులో పంక్తికొక సంఖ్య చొప్పున వ్రాసి వరుసలో పెట్టమంటే, అది వాటిని మాటలుగానే ఎంచి ఒకటి, పది, వంద, రెండు, ఇరవై అని పేరుస్తుంది. దాని దృష్టిలో 10 అన్నది '1' అనే అక్షరంతో మొదలైన ఒక మాట, 2 అన్నది '2'తో మొదలైన మరొక మాట. నిఘంటు న్యాయం ప్రకారం అందులో దోషమేమీ లేదు. దోషమల్లా ఆ న్యాయాన్ని సంఖ్యలకు అన్వయించడంలో ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిస్తే శిక్షణ సంస్థల గోడల మీద మార్కుల పట్టికలు కనబడుతూనే ఉంటాయి. అటువంటి పట్టికను ఈ నిఘంటు న్యాయంతో, పెద్దది మొదట వచ్చేటట్లు పేర్చారనుకోండి. 98 మొదట, 95 తరువాత, ఆ తరువాత 9, దాని కింద 100 వస్తాయి. నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల తొమ్మిది మార్కుల వాడికి దిగువన నిలబడుతుంది. పరీక్షల వారు నంబర్లను 0001, 0002 అని ముందు సున్నలు చేర్చి వ్రాయడంలో ఉన్న సౌలభ్యమిదే. అన్నిటికీ స్థానాలు సమానమైతే ఎడమ అంచూ కుడి అంచూ రెండూ కలుస్తాయి, రెండు క్రమాలూ ఒకటవుతాయి.

అలా సున్నలు చేర్చని జాబితాలకు ఒక సాధనం ఉంది. లినక్సు, మ్యాక్ వంటి యూనిక్సు కుటుంబపు యంత్రాలలో 'సార్ట్' అనే ఆదేశం ఉంటుంది. 1971 నాటి తొలి యూనిక్సు కరదీపికలోనే ఇది ఉంది. ఆ మాట వ్రాసి, పక్కన ఒక చిన్న గీత, 'ఎన్' అనే అక్షరం, తరువాత ఫైలు పేరు వ్రాస్తే పంక్తులు విలువను బట్టి పేర్చబడతాయి.

సార్ట్ -ఎన్ జాబితా

ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాను గాని, యంత్రం ముందు ఆదేశాన్ని చిన్న ఆంగ్లాక్షరాలలోనే కొట్టాలి. 'ఎన్' పక్కన 'ఆర్' కూడా చేర్చితే పెద్ద సంఖ్య మొదట వస్తుంది. విండోస్‌లో ఇదే పేరుతో ఒక ఆదేశం ఉన్నా దానికి ఈ సంఖ్యాదృష్టి లేదు. విండోస్‌లోనే లినక్సును ఉపవ్యవస్థగా పెట్టుకుంటే పని జరుగుతుంది.

ఇంత చిన్న విషయానికి వ్యాసమెందుకని తోచవచ్చు. ఇది ఆకలితో ముడిపడిన సందర్భం ఒకటి మా వీధిలో వచ్చింది.

ముందు మలక్‌పేట ఇంటి నంబర్ల తీరు చెప్పాలి. హైదరాబాదు పాత పద్ధతిలో నంబరుకు మూడు భాగాలు, మధ్య అడ్డగీతలు. మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. మలక్‌పేట, మూసారాంబాగ్ ప్రాంతాల నంబర్లు ఎక్కువగా 16తోను, సైదాబాదు వైపువి 17తోను మొదలవుతాయి. ఇల్లు పంచుకున్నప్పుడో, ఖాళీ స్థలంలో కొత్త గది వేసినప్పుడో చివర ఏటవాలు గీత పెట్టి ఒక అక్షరమో అంకో తగిలిస్తారు. ఎల్బీనగర్ లెక్క వేరు. 2007లో మహానగర పాలక సంస్థలో కలిసేవరకు అది ప్రత్యేక పురపాలక సంఘం కనుక దాని నంబర్లు దానివే.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన హైదరాబాదు మరచిపోయేది కాదు. మూసీ పొంగింది, మూసారాంబాగ్ వంతెన మునిగింది. మా వీధి మొదలు పల్లంలో ఉంటుంది. నంబర్లు పెరిగిన కొద్దీ నేల ఎత్తవుతుంది. మొదటి పది, పదిహేను ఇళ్ళలో మోకాలి లోతు నీరు నిలిచి, బియ్యం డబ్బాలు తడిసి, పొయ్యి వెలిగించే వీలు లేకపోయింది. తక్కిన వీధికి కరెంటు లేదు. కుర్రవాళ్ళు పూనుకొని 130 ఇళ్ళ జాబితా ఫైలులోకి ఎక్కించి, వరుసలో పెట్టి, అచ్చు తీసి, భోజనం పొట్లాలు పట్టుకొని బయలుదేరారు. పొట్లాలు నూరు.

అవి 71వ ఇంటి దగ్గర అయిపోయాయి. కాని అందనివి 72 నుండి 130 వరకు గల ఇళ్ళు కావు. 72 మొదలు 99 వరకు ఇరవై ఎనిమిది, వాటితో పాటు 8, 9. వంద దాటిన ఇళ్ళన్నిటికీ అందాయి. ఏడవ ఇంటివారు తిన్నారు, పదవ ఇంటివారు తిన్నారు, మధ్యనున్న రెండిళ్ళవారు పస్తున్నారు. తొమ్మిదవ ఇంట్లో డెబ్బై దాటిన దంపతులు. "మా గుమ్మం ముందునుంచే రెండుసార్లు పోయారు మాస్టారూ, పిలుస్తారు కదా అని కూర్చున్నాం" అన్నారు మరునాడు.

కుర్రవాళ్ళను అడిగితే, "లిస్ట్ ప్రకారమే పోయినం సార్, ఎవ్వర్ని విడిచిపెట్టలే" అన్నారు. వారు చెప్పింది నిజమే. జాబితా 1, 10, 100, 101 అంటూ నడిచింది. ఒకటితో మొదలయ్యేవి నలభై రెండు ఇళ్ళు, రెండు మొదలు ఆరు వరకు ఒక్కొక్క అంకెతో మొదలయ్యేవి పదకొండేసి, వెరసి తొంభై ఏడు. ఆపైన 7, 70, 71. నూరు పూర్తయింది. ఎనిమిది, తొమ్మిది అంకెలతో మొదలయ్యే ఇళ్ళు ఎంత పల్లంలో ఉన్నా ఆ జాబితాలో అట్టడుగునే ఉంటాయి.

సంఖ్యాక్రమంలో వెళ్ళినా నూరు పొట్లాలు నూటముప్పై ఇళ్ళకు చాలవు కదా అని మీరు అనవచ్చు. చాలవు. అయితే అప్పుడు మిగిలేవి 101 నుండి 130 వరకు, మెట్టున ఉన్న పొడి ఇళ్ళు. పైగా లోటు ఒకచోట కనబడుతుంది. మరునాడు 101 నుండి మొదలుపెడితే చాలు. క్రమం తప్పినప్పుడు లోటు వీధి అంతటా చెదిరిపోయి, ఎవరికి అందలేదో పంచినవారికే తెలియకుండా పోయింది.

మరునాడు ఉదయం వారిలో ఇంజనీరింగు చదువుతున్న అబ్బాయి మా వరండాలో కూర్చుని జాబితా సరిచేశాడు. నేను పక్కన కూర్చుని చూశాను. మొదట 'సార్ట్ -ఎన్' అని మాత్రమే కొట్టాడు. వరుసలో ఏ మార్పూ రాలేదు. కారణం విచారిస్తే సరళమే. పంక్తి మొదట ఉన్న సంఖ్యను మాత్రమే అది చదువుతుంది. 16 అని చదివి అడ్డగీత దగ్గర ఆగిపోతుంది. అన్ని పంక్తులకూ అదే 16 కనుక అందరూ సమానమే. సమానులైనవారిని మళ్ళీ పాత నిఘంటు న్యాయంతోనే పేరుస్తుంది. భాగాలు ఎక్కడ విడిపోతాయో, ఏ భాగాన్ని ఎలా చదవాలో మనమే చెప్పాలి.

సార్ట్ -టి '-' -కె 1,1ఎన్ -కె 2,2ఎన్ -కె 3,3ఎన్ జాబితా

'టి' తరువాతిది భాగాలను విడదీసే గుర్తు. 'కె' తరువాతిది ఏ భాగం మొదలు ఏ భాగం వరకు అన్నది. చివరి 'ఎన్' ఆ భాగాన్ని సంఖ్యగా చూడమని. పదచ్ఛేదం చేయనిదే పద్యానికి అర్థం చెప్పలేనట్లు, ఇక్కడా ముందు విరుపు, తరువాత అన్వయం. ఏటవాలు గీతల తరువాత కూడా అంకెలున్న నంబర్లకు గ్నూ వారి సార్ట్‌లో పెద్ద 'వి' అనే మరొక గుర్తు ఉంది. మాటల మధ్య ఎక్కడ సంఖ్య వచ్చినా దానిని సంఖ్యగానే పోలుస్తుంది.

కొత్త జాబితా అచ్చయి చేతికి వచ్చాక ఆ అబ్బాయే కనిపెట్టాడు. 34, 34/1, 35, 37. "ముప్పై ఆరు ఏది సార్?" నిఘంటు క్రమంలో కూడా 35 తరువాత 37 వచ్చే ఉంటుంది, కాని 4 తరువాత 40, 49 తరువాత 5 వచ్చే జాబితాలో లోపించినదాని కోసం ఎవరి కన్నూ వెతకదు. ఒకటి, రెండు, మూడు అని సాగే వరుసలోనే ఖాళీ స్థలం ఖాళీగా కనబడుతుంది. హాజరు పిలిచేటప్పుడు ఒక నంబరు దాటిపోతే తరగతి అంతా తలెత్తి చూస్తుంది కదా, అలాగ. ముప్పై ఆరుకు తాళం వేసి ఉన్నమాట నిజమే. ఇంటివారు ఊరిలో లేరు. వెనుక గదిలో అద్దెకుండే ఒంటరి మనిషి ఉన్నది. ఆమె పేరు ముందు రోజు జాబితాలోనూ లేదు, ఆ రోజు జాబితాలోనూ లేదు. 131వ పేరుగా చేర్చి, మొదటి పొట్లం ఆమెకే ఇచ్చి వచ్చారు.

ఈ పని చేయదలచినవారికి మరి రెండు జాగ్రత్తలు. 1,25,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టి వ్రాసిన మొత్తాలను సార్ట్ యంత్రపు భాషా అమరికను బట్టి మొదటి కామా దగ్గర ఆపి 1 అని చదవవచ్చు, కామాలు తీసివేయాలి. ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్ళించడానికి కోణపు గుర్తు వాడితే, చదవకముందే ఫైలు ఖాళీ అయిపోతుంది. అందుకు 'ఓ' అనే గుర్తు వాడాలి, లేదా వేరే పేరుతో దాచుకోవాలి.

సాహిత్య మిత్రులకు ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటి ఉంది. పాత ప్రతుల నుండి పద్యాలు ఎక్కించేవారు కొందరు పద్యసంఖ్యలను తెలుగు అంకెలలో వ్రాస్తారు. చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని 'సార్ట్ -ఎన్' గుర్తించేది 0 నుండి 9 వరకు గల అంకెలనే. ౧, ౨, ౩లు దానికి అంకెలు కావు. వాటితో మొదలైన పంక్తులన్నిటినీ సున్న విలువగా ఎంచుతుంది. పేర్చడానికి ముందు 'సెడ్' అనే సాధనంతో తెలుగు అంకెలను మార్చుకోవాలి.

సెడ్ 'వై/౦౧౨౩౪౫౬౭౮౯/0123456789/' పద్యాలు

ఇదంతా చేసినా కొన్ని పద్యాలు వరుస తప్పుతాయి. పదవ పద్యం ఒకటవ పద్యం పక్కకు చేరుతుంది, ఇరవయ్యవది రెండవదాని పక్కకు. యుగ్మకంలో ఒక పద్యం అక్కడికి పోతే, కర్త ఒకచోట, క్రియ మరొకచోట మిగిలి వాక్యమే తెగిపోతుంది. కారణం మన సున్న. తెలుగులో ఆ మాట గణితంలోని శూన్యానికీ పేరే, వ్యాకరణంలోని అనుస్వారానికీ పేరే. నిండు సున్న, అరసున్న అని బడిలో మనం చెప్పేది అక్షరాలను గూర్చే. రెండింటి రూపమూ వట్రువే. చేతివ్రాతలో ఎవరూ భేదం పాటించలేదు. పాటించవలసిన అవసరమూ రాలేదు, చదివేవాడు సందర్భాన్ని బట్టి తెలుసుకునేవాడు. యూనికోడు మాత్రం వాటికి వేర్వేరు స్థానాలు ఇచ్చింది. ౧ పక్కన అంకె సున్నకు బదులు అనుస్వారం కొట్టితే కంటికి పది, యంత్రానికి ఒకటి, దాని పక్కన ఒక అక్షరం.

అందుచేత పేర్చిన తరువాత జాబితాను ఒకసారి మొదటి నుండి చివరి వరకు, హాజరు పిలిచినట్లు, పైకి చదవండి. తొమ్మిది తరువాత పదకొండు వినబడితే ఆగండి. పదవ పద్యం ఎక్కడికీ పోయి ఉండదు, ఒకటి పక్కన నిలబడి ఉంటుంది. అక్కడా లేకపోతే ప్రతి తీసి చూడండి, వ్రాసేటప్పుడే విడిచిపెట్టారేమో.