ఆఖరి పేజీలో ఒక రాజ్యం



ఈ పేజీలో ప్రతి నెలా మా టీచర్లలో ఎవరో ఒకరు పిల్లల చదువు గురించి మీకు నాలుగు సలహాలు చెబుతుంటారు. ఈ నెల నా వంతు. సలహాల కంటే ముందు నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పుకోవాలి.

నేను మదనపల్లెలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీష్ చెబుతాను. దసరా సెలవుల ముందు ఒక స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. ఒక బాబు ఎస్సే ప్రశ్న వదిలేసి ఆఖరి పేజీలో మ్యాప్ గీశాడు. హార్సిలీ హిల్స్ మీద ఎత్తైన బురుజు. మన టమాటా మార్కెట్ ఉన్నచోట ఎర్ర కోట. పుంగనూరు దగ్గర మూడడుగుల ఆవుల మీద స్వారీ చేసే సైన్యం. కుప్పం దగ్గర మూడు రాజ్యాలు కలిసే చోట ఒక పెద్ద ద్వారం, దానికి మూడు తాళాలు. ఊళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సగం స్పెల్లింగులు తప్పు.

ఆ సాయంత్రం ఐదు లోపు మార్కులు యాప్‌లో ఎక్కించాలి. ఆ చిరాకులో పేపరు పైకెత్తి క్లాసంతటికీ చూపించాను. "ఈ బొమ్మలకు మార్కులు వేసే బోర్డు ఎక్కడైనా ఉందా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ బాబు కూడా నవ్వాడు. తర్వాత నెల రోజుల పాటు నా పీరియడ్‌లో వాడు నోరు విప్పలేదు.

పేరెంట్స్ మీటింగ్ రోజు వాళ్ళమ్మ వచ్చారు. "మీరైనా చెప్పండి మేడమ్. రాత్రి ఆ ఉంగరాల సీరియల్ చూస్తాడు, చూశాక కూర్చుని ఏవేవో రాజ్యాల కథ రాస్తాడు. మీరు క్లాసులో అన్నది తెలిశాక వాళ్ళ నాన్న ఆ నోటుబుక్కులు మూడూ పాత పేపర్లవాడికి వేసేశారు" అన్నారు. నన్ను మెచ్చుకుంటున్నట్టే చెప్పారు. నాకు నోట మాట రాలేదు.

ఎందుకంటే నేనూ ఆ పిచ్చి ఉన్న మనిషినే. మాది పుంగనూరు. 2019 మే 20, సోమవారం పొద్దున ఆరున్నరకు మా ఇంటి మేడ మీద, సిగ్నల్ వచ్చే ఒకే ఒక్క చోట, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆఖరి ఎపిసోడ్ చూశాను. అప్పుడు బీఈడీ చదువుతున్నాను. 2011లో మొదలై, ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు నడిచిన కథ అది. ఆ ముగింపు నాకు అస్సలు నచ్చలేదు. కోపంతో నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసి పడేశాను. ఎవరూ అడగకుండా, మార్కులు లేకుండా, నా అంతట నేను ఇంగ్లీషులో రాసిన మొదటి నాలుగు పేజీలు అవే. ఇప్పుడు మీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పే ధైర్యం నాకు సగం అక్కడే వచ్చింది. అయితే అది పూర్తిగా పెద్దల సీరియల్. పిల్లలకు చూపించమని నేను చెప్పను, చూపించకండి.

నిజానికి ఈ పిచ్చి నాకు అంటించింది మా అవ్వ. మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. పద్దెనిమిది రోజుల ఉత్సవం. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. బకాసురుడి కోసం బండి నిండా అన్నం బయల్దేరుతుంది. తపస్సు మాను ఎక్కిన అర్జునుడు పైనుంచి పూలు, నిమ్మకాయలు విసురుతుంటే కింద ఆడవాళ్ళు కొంగులు పడతారు. దుర్యోధన వధ రోజు మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. చిన్నప్పుడు నాకు ఆ తల దగ్గర నిలబడితే కాళ్ళు కనిపించేవి కావు.

అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళ్ళే రాత్రి మా అవ్వ కళ్ళు తుడుచుకుంటూ కూర్చునేది. "కథ నీకు తెలుసు కదవ్వా, ఎందుకేడుస్తావు?" అని అడిగాను. "ఈసారన్నా బయట పడతాడేమోనని చూస్తా ఉండా" అంది. మర్నాడు పొద్దున టీ అంగడి దగ్గర కర్ణుడి వైపు కొందరు, అర్జునుడి వైపు కొందరు వాదులాట. మనం ఇప్పుడు ఫ్యాన్స్ అంటున్నది ఇలాంటి వాళ్ళనే.

మీ ఇంట్లో తాతగారు ఉంటే 'తోకచుక్క' గుర్తుందా అని అడిగి చూడండి. దాసరి సుబ్రహ్మణ్యం గారి ఆ సీరియల్ 1954లో చందమామలో మొదలైంది. మాంత్రికులు, రాక్షసులు, వింత జంతువులు, నెలనెలా ఎదురుచూపులు. అదే ఏడాది ఇంగ్లండులో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం వెలువడింది. ఆ బాబు రాత్రిళ్ళు తెలుగు డబ్బింగులో చూసే 'ది రింగ్స్ ఆఫ్ పవర్' ఆ ప్రపంచం లోనిదే.

ఆ ప్రపంచాన్ని సృష్టించిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. సినిమావాడు కాడు, భాషల పండితుడు. ఒకరోజు ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎవరో విద్యార్థి ఒక పేజీ ఖాళీగా వదిలేశాడట. ఆ ఖాళీ పేజీలో ఆయన ఒక వాక్యం రాశారు. అదే 1937లో వచ్చిన 'ది హాబిట్' నవలకు మొదటి వాక్యమైంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. మా కుప్పం బ్రాంచిలో పనిచేసిన మొదటి ఏడాది పిల్లలకు చెప్పాను కూడా. అక్కడ ఒక్కో బెంచీలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఫిన్నిష్, వెల్ష్ భాషల పోకడలు చూసి టోల్కీన్ తన కథలోని ఎల్ఫ్ జాతికి రెండు భాషలు కల్పించాడని చెబితే, ఒక పాప "అయితే వాళ్ళకూ గ్రామరుంటుందా మిస్?" అంది. మనమే ఒక భాష తయారుచేద్దాం, దానికి బహువచనాలు, క్రియలు పెడదాం అన్నాను. టెన్సులు అంత ఇష్టంగా నేర్చుకున్న క్లాసు నేను మళ్ళీ చూడలేదు.

అంత తెలిసినదాన్ని, మదనపల్లెలో నా చేతికే అలాంటి పేజీ వచ్చినప్పుడు నవ్వులపాలు చేశాను. తెలియక కాదు, తొందరలో. మీకూ ఇంట్లో అలాంటి తొందరలుంటాయి. అందుకే ఇది మీకు రాస్తున్నాను.

మర్నాడు ఎగతాళి చేసిన క్లాసులోనే, అందరి ముందు, ఆ బాబుకు సారీ చెప్పాను. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఇచ్చాను. తీసుకున్నాడు. "మళ్ళీ అదే రాదు మేడమ్" అన్నాడు, అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇక సలహాలు. మీ బాబో పాపో ఏదైనా సీరియల్‌లో, ఆనిమేలో మునిగిపోతే ముందు వయసు గుర్తు చూడండి. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీ కార్యక్రమాలకు యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని గుర్తులు ఉండాలి. 13+ నుంచి పై వాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఇవ్వాలి. ఆ లాక్ పెట్టుకోండి. పిన్ నంబరు పిల్లల పుట్టినరోజు మాత్రం కాకూడదు. టైము విషయంలో "ఇక చాలు" అని మధ్యలో ఆపేయడం కంటే, రోజుకు ఎన్ని ఎపిసోడ్లో ముందే ఒప్పందం చేసుకోండి. పదకొండు దాటాక టీవీ, ఫోను ఏదీ వద్దు. నిద్ర లేని పిల్లలు మొదటి పీరియడ్‌లో ఎలా ఉంటారో రోజూ చూస్తున్నదాన్ని.

ఆ తర్వాత ఒక్క ఎపిసోడ్ పక్కన కూర్చుని చూడండి. "వాడెవడు? వీడి మీద వాడికి కోపమెందుకు?" అని అడగండి. ఇంగ్లీషులో ఐదు వాక్యాలు మాట్లాడరని మీరు బాధపడే పిల్లలు కూడా అరగంట ఆపకుండా చెబుతారు. తెలుగులో చెప్పినా ఫరవాలేదు, ఇంగ్లీషులోకి తెచ్చే పని మాది. నోటుబుక్కులు మాత్రం పాత పేపర్లకు వేయకండి. సిలబస్‌కు సంబంధం లేనివైతే అసలే వేయకండి.

ఇదంతా ఆ బాబు, వాళ్ళమ్మ ఒప్పుకున్నాకే, పేరు లేకుండా రాస్తున్నాను. పోయిన వారం వాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో లాంగ్ నోట్‌బుక్.

"రెండు కొండల మధ్య దారిని ఇంగ్లీషులో ఏమంటారు మేడమ్?"

"పాస్" అన్నాను.

"పరీక్షలో అంటారే, ఆ పాసేనా?"

"అదే మాట. స్పెల్లింగ్ కూడా అదే."

గోడకు ఆనించి రాసుకుని వెళ్ళిపోయాడు. ఏం రాస్తున్నాడో చూపించమని నేను అడగలేదు. చూపించే రోజు వస్తుందని ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్