చెరువు నీళ్లకు నకలు

మా అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడితే పడినట్టు! తక్కినచోట్ల వాళ్లు పెళ్లి ఫోటోలు దాచుకుంటారు. మేము చెరువు నిండిన యేడు దాచుకుంటాము.

2001 అక్టోబరులో మా వూరి చెరువు మరవ పారింది. బెంగుళూరునుంచి వచ్చిన మా బావగారి దగ్గర వీడియో కెమెరా వుంది. దూకుతున్న నీళ్లు, గంగపూజ, ఎనభై దాటిన మా అవ్వ కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని నీళ్లలో దిగి చిన్నపిల్లలా నవ్వడం, అన్నీ పట్టేశారు. అయితే ఆ కెమెరాలోది అరచేతిలో ఇమిడే 8 మిల్లీమీటర్ల టేపు. మా యింటి రికార్డరు మింగేది పుస్తకమంత వి.హెచ్.ఎస్. క్యాసెట్టు. మర్నాడు బావగారు బస్సెక్కితే కెమెరాతోబాటు చెరువూ వెళ్లిపోతుంది.

"మళ్లీ మరవ చూసేదానికి నేనుంటానా నాయనా?" అన్నది అవ్వ. ఆ రాత్రే నకలు తీయడానికి కూర్చున్నాము.

చెప్పుకుంటే చిన్న పనే. కెమెరా తీగకు మూడు కొనలు: పసుపుపచ్చది బొమ్మకు, తెలుపూ ఎరుపూ శబ్దానికి. అవి రికార్డరుమీద 'ఇన్' అని వున్న రంధ్రాల్లోకి పోవాలి. మాదాంట్లో శబ్దానికి ఒకటే రంధ్రం. తెల్లదాన్ని పెట్టి ఎర్రదాన్ని వేలాడనిచ్చాము. రికార్డరును టి.వి.కి కలిపి, ఛానెలును ఏ.వి.కి మార్చగానే తెరమీద చెరువు ప్రత్యక్షమైంది!

"ఇంత సన్న తీగలో అన్ని నీళ్లు ఎట్ల పారతాయిరా?" అన్నది అవ్వ.

గంట టేపుకు గంట పడుతుంది; తొందరపెట్టి లాభం లేదు. సగంలో కరెంటు పోయింది. కెమెరాకు బ్యాటరీ వుంది గాని రికార్డరుకేదీ? కరెంటు వచ్చాక రెండు టేపులూ కాస్త వెనక్కి తిప్పి, రికార్డరును ఆపి వుంచి, కెమెరా నడిపి, పాత చోటు రాగానే మీట వదిలాము. అతుకు తెలుస్తూనే వుంది. నకలు అసలుకంటె పిసరంత మసక. నకలుకు నకలు తీస్తే మరింత మసక.

అవ్వ మళ్లీ మరవ చూడలేదు. ఆ క్యాసెట్టు మాత్రం ఎన్నిసార్లు చూచిందో!

జపానులో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీడియో రికార్డర్ల తయారీ మానుకుంది. అది విన్నరోజే మా పాత రికార్డరు దుమ్ము దులిపి, ఆ మూడు రంగుల తీగతోనే అవ్వను కంప్యూటరులోకి దాటించాను. మీ బీరువాలోనూ అటువంటి క్యాసెట్టు వుంటే, యంత్రం తిరుగుతుండగానే తీయండి. కరువు చెప్పి రాదు.