మేము ఫ్లాషు కొనిన విధము

వస్తువును కొనుట సులభము. తగిన వస్తువును తగిన వెలకు కొనుట కష్టము. ఈ మాట పెద్దలు పలుమారు చెప్పగా వినియుంటిమి గాని, పదుగురి సొమ్ము చేతబట్టుకొని అంగడికి పోవలసివచ్చిన నాడు గాని మాకు బోధపడలేదు. మా తరువాతి తరగతులవారికి ఉపయోగపడునను తలంపుతో ఆ వృత్తాంతము నిచట వ్రాయుచున్నాము.

మా పాఠశాలకు పూర్వవిద్యార్థి యొకరు తాము వాడుకొనిన డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను బహూకరించిరి. దానిని కాపాడు భారము తొమ్మిదవ తరగతిలోని మా నలుగురిపై పడెను. పగటివేళ మైదానములో ఆటల పందెములను తీయగా బొమ్మలు చక్కగా వచ్చెను. మాకు గర్వము కలిగెను. వార్షికోత్సవపు రాత్రితో ఆ గర్వము అణగిపోయెను.

ఆ రాత్రి నాటకములో మా కావలి తాత మనుమరాలు, ఆరవ తరగతి బాలిక, మొల్ల వేషము ధరించెను. బాలిక తల్లి ఇంటిపనికై కువైటునకు పోయి అప్పటికి మూడేండ్లు. "నాయనా, పిల్ల బొమ్మ ఒక్కటి బాగా తీయండి. వాళ్లమ్మకు పంపాలి" అని తాత ముందుగానే మమ్ము కోరియుండెను. తప్పక తీసెదమంటిమి. ఎనిమిది మీటర్ల దూరమున కూర్చుండి, కెమెరాలోనే అమర్చియున్న చిన్న ఫ్లాషును పైకి లేపి, ముప్పది బొమ్మలు తీసితిమి. మఱునాడు చూడగా ముందు వరుసవారి తలలు తెల్లగా వెలుగుచుండెను; వాని వెనుక నంతయు చీకటి; ఆ చీకటిలో మొల్ల ఎచటనో యుండెను. తాత ఆ బొమ్మలను చూచి, యేమియు ననక, కెమెరాను మా చేతికిచ్చి గేటు కడకు పోయెను. ఆయన కోపపడియున్నచో మాకంత బాధ కలుగకపోవును.

కారణమేమని మా భౌతికశాస్త్రోపాధ్యాయుల నడిగితిమి. దూరము రెండింతలైనచో వెలుగు నాలుగవ వంతగుననియు, మూడింతలైనచో తొమ్మిదవ వంతగుననియు వారు నల్లబల్లపై వ్రాసి చూపిరి. ప్రతి ఫ్లాషునకు గైడు సంఖ్య యని యొకటి యుండును. దానిని ఎఫ్ సంఖ్యచే భాగించినచో వెలుగు ఎన్ని మీటర్ల వఱకు చాలునో తెలియును. మా కెమెరాలోని ఫ్లాషు సంఖ్య 12. ఆ రాత్రి మేముంచిన ఎఫ్ సంఖ్య 5.6. భాగింపగా రెండు మీటర్లకు కొంచెము మించెను. ఐఎస్ఓను 100 నుండి 400కు పెంచినచో దూరము రెండింతలగును; అప్పటికిని మొల్ల చీకటిలోనే యుండెడిది. "కెమెరా నేమియు ననవలదు. లెక్క వేయనిది మీరు" అని ఉపాధ్యాయులు పలికిరి.

అంతట వేఱుగ నొక ఫ్లాషు కొన నిశ్చయించి, తరగతి తరగతికి తిరిగి చందా పోగుచేసితిమి. నాలుగు వేల రూపాయలు వచ్చెను. అందు అధికభాగము ఐదేసి, పదేసి రూపాయల నాణెములు. వానిని లెక్కించుచున్నప్పుడు, ఈ సొమ్ముతో పొరపాటు చేయ మాకు హక్కు లేదని తోచెను.

మా యెదుట మూడు మార్గములుండెను. కెమెరా చేసిన కంపెనీవారి ఫ్లాషు మొదటిది. అది టీటీఎల్ అను పద్ధతిని పనిచేయును. అనగా అసలు మెఱుపునకు ముందు చిన్న మెఱుపు నొకదానిని పంపి, తిరిగివచ్చు వెలుగును కెమెరాయే కొలిచి, కావలసినంత తానే నిర్ణయించును. నిముసమున కొక తావున నిలిచి పెండ్లిండ్లు తీయువారికి అది మేలు. కాని దాని వెల మా చందాకు పలురెట్లు.

రెండవది, పట్టణములోని స్టూడియో యజమాని ఉచితముగా నిత్తునన్న రీలు కెమెరాల కాలపు ఫ్లాషు. ఉచితమనగానే మాకు ఆశ పుట్టెను. ఉపాధ్యాయులు దాని పాదమునకు మల్టీమీటరు తగిలించి కొలువగా రెండు వందల వోల్టులు దాటెను. పాత కెమెరాలు దానికి తాళెడివి గాని, కొన్ని డిజిటల్ కెమెరాలలోని సున్నితమైన భాగములు అంత వోల్టేజికి చెడిపోవచ్చును. ఏ కెమెరా ఎంత సహించునో తెలియక పాత ఫ్లాషును తగిలింపరాదు. యజమానికి నమస్కరించి తిరిగి యిచ్చివేసితిమి.

మూడవది, వేఱొక కంపెనీవారు చేసిన మాన్యువల్ ఫ్లాషు. దానికి తానుగా నిర్ణయించు శక్తి లేదు. పూర్తి వెలుగు మొదలు 1/128 వంతు వఱకు మనమే చేతితో అమర్చవలెను. మరల మరల ఛార్జి చేయదగిన నాలుగు బ్యాటరీలతో గూడ అది మా సొమ్ములో వచ్చెను. తానుగా కొలువని దానిని కొనుటయా యని మాలో నొకడు సందేహించెను. 1887లో జర్మనీయందు మీతే, గేడికె అనువారు మెగ్నీషియపు పొడిని మండించి వెలుగు తెచ్చిన నాటినుండి చిరకాలము ఈ లెక్క మనుష్యునిదే యని ఉపాధ్యాయులు ధైర్యము చెప్పిరి.

అంగడిలో రెండు సంగతులు గమనించితిమి. డబ్బాపై 58 అని యుండిన గైడు సంఖ్య, వెలుగును 105 మిల్లీమీటర్లకు కుదించి కొలిచినది; విశాలముగా పఱచినపుడు అది చాల తగ్గును. కావున రెండు ఫ్లాషులను ఒకే కొలతవద్ద పోల్చవలెను. మఱియు ఫ్లాషు తల పైకి మాత్రమే కాక ప్రక్కలకును తిరుగవలెను. ఈ రెండవదాని విలువ మాకు పిమ్మట తెలిసినది.

మా సభాశాలది ఎత్తైన పెంకుకప్పు; నల్లని దూలములు. పైకి పంపిన వెలుగు తిరిగి రాలేదు. ప్రక్కనున్న సున్నపు గోడపైకి త్రిప్పగా మెత్తని వెలుగు తిరిగివచ్చెను. గోడ కొంత మ్రింగును గనుక ఐఎస్ఓను 800కు పెంచితిమి. షట్టరు వేగము 1/200 దాటినచో బొమ్మలో కొంత భాగము నల్లబడుటయు చూచితిమి. మూడు నెలలు సాయంకాలములందు ముక్కాలిపీటపై కూజా నుంచి, దూరము మార్చి మార్చి తీసి, లెక్కలన్నియు నోటుపుస్తకములో వ్రాసికొంటిమి.

మరుసటి వార్షికోత్సవమున వేదికకు నాలుగు మీటర్ల దగ్గఱకు చేరి, గోడవంక ఫ్లాషు త్రిప్పి, ఆ బాలికను తీసితిమి. ఈసారి ఆమెది చెలికత్తె వేషము. కన్నులలోని మెఱుపు సైతము బొమ్మలో కానవచ్చెను. ఆ రాత్రియే బొమ్మ కువైటునకు చేరెను. కాగితముపై అచ్చువేసి తాతకొకటి యిచ్చితిమి. ఆయన దీపము క్రింద పట్టుకొని చాలసేపు చూచి, "బాగుంది నాయనా. ఆ మొల్ల బొమ్మ కూడా ఉంటే బాగుండేది" అనెను.

మేము బదులు చెప్పలేకపోతిమి. ఏ వెలకును ఆ రాత్రి తిరిగి రాదు. చదువరులారా, మేమిపుడు పదవ తరగతి ముగించి పోవుచున్నాము. ఫ్లాషును, నోటుపుస్తకమును గ్రంథాలయపు అలమారులో నుంచితిమి. మా తరువాత వచ్చువారు ఉత్సవమునకు ముందే ఆ పుస్తకమును తెఱతురు గాక.