విద్యుత్ కార్టులును పెట్రోలు కార్టులును

గోకార్టు అనగా నెట్టిదో యెరుగని తల్లిదండ్రులును ఈ సంచికను చదువుదురు గావున, మొదట ఆ వస్తువును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. నేలను తాకీ తాకనట్లుండు ఇనుపగొట్టముల చట్రము, నాలుగు చిన్న చక్రములు, ఒక్కరు కూర్చుండుటకు ఆసనము, చేత స్టీరింగు, కాళ్లక్రింద రెండు పెడళ్లు, వెనుక నొక చిన్న యంత్రము: ఇంతియే గోకార్టు. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు, కుదుపు నాపు స్ప్రింగులును లేవు. 1956వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అను పందెపుకార్ల పనివాడు గడ్డికోత యంత్రములకై చేసిన యొక ఇంజనును ఇట్టి చట్రమునకు బిగించి మొదటి కార్టును నడిపెను. పందెములలో ఏడుమారులు ప్రపంచవిజేతయైన మైకేల్ షూమాకర్ నాలుగేండ్ల వయసున నడిపినది, తండ్రి పాత మోపెడు ఇంజను బిగించియిచ్చిన తొక్కుడుబండి.

మన గోదావరి డెల్టాలో ఇట్టి బండికి సహజమైన తావు లేదు. చట్రమునకును నేలకును నడుమ రెండంగుళముల సందైనను ఉండదు గదా. కాలువగట్టు రోడ్డుమీద వదలినచో మొదటి గుంతలోనే అది కూలబడును. గుంతను తప్పించుకొన్నను, ఊరిమొదట నున్న స్పీడుబ్రేకరు దానిని దాటనీయదు. కావున మన పిల్లలు దీనిని చూచినది విహారయాత్రలో, హైదరాబాదు నగర పరిసరములందు, డబ్బు చెల్లించి నడుపు నున్నని చదునైన బాటమీద. అచ్చట పెట్రోలు కార్టులును విద్యుత్ కార్టులును రెండును గలవని వారు తెలిసికొని వచ్చిరి. వచ్చిన నాటినుండి తొమ్మిదవ తరగతి రెండు పక్షములుగా చీలిపోయినది. వైజ్ఞానిక ప్రదర్శనమునకు తామే యొక కార్టును చేయవలెనని అందరికిని ఇష్టమే. దానిలో బిగించవలసిన దేదియను దానిపైననే తగవు.

పెట్రోలు పక్షమువారి మొదటి వాదము చప్పుడు. "చప్పుడు లేకపోతే బండెలా అవుతుందండీ మాస్టారూ?" అని వారి నాయకుడు మమ్మడిగెను. ఈ వాదమును మేము నవ్వి త్రోసివేయలేదు. చప్పుడు లేని బండి వెనుకనుండి వచ్చునపుడు ముందున్నవాడు వినడు. అది నిజమైన లోపమే. అయినను ఆ చప్పుడుతోపాటు వచ్చునది పొగ. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను రంగును వాసనయు లేని విషవాయువు గలదు. నాలుగు గోడల నడుమ, పైకప్పుక్రింద కార్టులు నడుపుచోట విద్యుత్ బండ్లను కోరుటకు ఇది గొప్ప కారణము. విద్యుత్ పక్షమువారు దీనినే పట్టుకొని తమ బండి యసలు పొగయే విడువదని గర్వించిరి. మన రాష్ట్రపు కరెంటులో చాల భాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నదనియు, తమ బండికిని పొగగొట్టము కలదనియు, అది విశాఖపట్టణము చెంత సింహాద్రిలోనో ఇబ్రహీంపట్టణములోనో నిలిచియున్నదనియు మేము చెప్పితిమి. కొంతసేపు నిశ్శబ్దము.

వాదమును నల్లబల్లకు ఎక్కించుట మంచిదని తోచి లెక్కలు వేయించితిమి. అద్దె కార్టులలో తరచుగా బిగించు ఇంజనులలో ఒకటి హోండావారి జీఎక్స్ 200. అది 196 ఘనసెంటీమీటరులది, సుమారు ఐదున్నర అశ్వశక్తులది. పూర్తిగా పనిచేయించినచో గంటకు లీటరు ముప్పాతిక వరకు పెట్రోలు త్రాగును. అట్టి బాటలమీద ఒక్కొక్కరికి నిచ్చునది పది నిమిషముల పరుగు. ఆ పది నిమిషములకు పావు లీటరుకు కొంచెము పైగా, అనగా నేటి ధరను ముప్పది రూపాయలకు చేరువ వ్యయమగును. అంత పనియే విద్యుత్ మోటారు చేయుటకు అర యూనిటు కరెంటు చాలును. నష్టములు కలిపి ముప్పాతిక యూనిటనుకొని, యూనిటుకు 10 రూపాయలు పెట్టినను ఎనిమిది రూపాయలు కాదు. కారణ మేమనగా, చిన్న పెట్రోలు ఇంజను తాను త్రాగినదానిలో అయిదవ వంతు మాత్రమే చక్రమున కిచ్చి తక్కినదానిని వేడిగా వెదజల్లును. మోటారో, తనకందినదానిలో 100కి 80 పాళ్లకు పైగా చక్రమున కిచ్చును. మరియు పెడలు నొక్కిన క్షణముననే దాని పూర్తి బలము లభించును. ఇంజను వలె వేగమందుకొనువరకు ఆగనక్కరలేదు.

ఇంకొక గుణమును మేము ఉపాధ్యాయులముగా మెచ్చుకొంటిమి. విద్యుత్ కార్టునకు కరెంటు నందించు కంట్రోలరును సరిచేసి, పదేండ్ల బాలుడు కూర్చున్నపుడు ఇంత వేగమునకు మించరాదని కట్టుదిట్టము చేయవచ్చును. కొన్నిచోట్ల బాట ప్రక్కన నిలుచున్న పర్యవేక్షకుడే దూరమునుండి అన్ని బండ్లను ఒక్కసారిగా నెమ్మదింపజేయును. తరగతిగదిలో ఇట్టి సాధనమున్న ఎంత బాగుండునో!

ఇంతవరకు విద్యుత్ పక్షమువారి ముఖములు వెలుగుచుండెను. పిమ్మట బరువు లెక్క వచ్చినది. ఈ-రిక్షాలలో వాడు సీసపు బ్యాటరీలు నాలుగు కలిపిన 48 వోల్టుల కూర్పు చెప్పుకొనుటకు ఐదు యూనిట్లకు చేరువ దాచుకొనును. తూచినచో 100 కిలోలకు తగ్గదు. దానిలో చక్రమును చేరునది సుమారు మూడు యూనిట్లు. అంత పని చేయుటకు పెట్రోలు బండికి కావలసినది లీటరు ముప్పాతిక. దాని బరువు కిలోన్నర మించదు. నల్లబల్లమీద ఒకవైపు 100, వేరొకవైపు ఒకటిన్నర! పెట్రోలు పక్షమువారు చప్పట్లు చరచిరి. లిథియం బ్యాటరీలు ఇంతకంటె మిక్కిలి తేలికయైనవే, ఎక్కువ కాలము మన్నునవే. కాని వాని వెల వేరు. పైగా సీసపు బ్యాటరీ నిండుటకు ఆరేడు గంటలు పట్టును. పెట్రోలు పోయుటకు రెండు నిమిషములు.

మరమ్మతు సంగతియు నట్లే. పెట్రోలు ఇంజనునకు ప్లగ్గు తుడువవలెను, ఆయిలు మార్చవలెను, కార్బురేటరు కడుగవలెను. కాని ఆ పని తెలిసిన మెకానిక్కు లేని పల్లె మన గోదావరి సీమలో లేదు. మోటారునకు ఈ చాకిరి లేదు. అయితే కంట్రోలరు కాలినచో దానిని ఊరిలో విప్పి చూచువారు అరుదు. పట్టణమునకు పంపి ఎదురుచూడవలెను. సముద్రపు ఉప్పుగాలికి నరసాపురము, అంతర్వేది ప్రాంతములందు తీగెల కీళ్లు చిలుమెక్కుట పంపుసెట్టు గలవారికందరికిని తెలిసినదే. ఎండాకాలమున 40 డిగ్రీలు దాటిన వేడిమి బ్యాటరీ ఆయువును తగ్గించును.

కరెంటు లేని దినములను మేము మరువలేము. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమపై తుపాను విరుచుకుపడినపుడు మేము పదియారేండ్ల ప్రాయపువారము. స్తంభములు నేలవ్రాలి ఎన్నో దినములు దీపము లేదు. డీజిలు ఇంజను ఉన్న యింటివద్దనే త్రాగునీటికి బిందెలు బారులు తీరినవి. ఆ దినములందు విద్యుత్ బండి కొయ్యబొమ్మతో సమానమేయని చెప్పక తప్పదు. (రోడ్లకడ్డముగా కొబ్బరిచెట్లు పడియున్నందున పెట్రోలు బండ్లును కదలలేదనునది వేరు సంగతి.)

పిల్లలకు చరిత్ర కొంత చెప్పితిమి. గంటకు 100 కిలోమీటరుల వేగమును మొట్టమొదట దాటిన మోటారుకారు పెట్రోలుది కాదు. 1899లో కమీల్ జెనాట్జీ అను బెల్జియం దేశస్థుడు నడిపిన విద్యుత్ కారు. హెన్రీ ఫోర్డు భార్య తన వాడుకకు విద్యుత్ కారునే పెట్టుకొనెను. ఆ కాలపు పెట్రోలు కారునకు ముందువైపున ఇనుప హ్యాండిలు పెట్టి చేతితో త్రిప్పవలెను. అది వెనుకకు తన్ని చేతులు విరిగినవారు కలరు. 1912లో కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగ్ అమర్చిన స్టార్టరు ఈ బాధను తీర్చెను. ఆ స్టార్టరు ఏమి? ఒక బ్యాటరీయు ఒక విద్యుత్ మోటారును! విద్యుత్ కారును పెట్రోలు కారు ఓడించుటకు తోడ్పడినది విద్యుత్ మోటారే యన్న మాటకు తరగతి యంతయు నవ్వినది.

ఇంతకంటె మాకు ముఖ్యముగా తోచినది 1888 నాటి కథ. జర్మనీలో కార్ల్ బెంజ్ భార్యయైన బెర్తా బెంజ్ తన యిద్దరు కుమారులతో భర్త చేసిన బండినెక్కి మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వరకు పోయినది. త్రోవలో ఇంధనమైపోయెను. నాడు పెట్రోలు బంకు అనునది లోకమున ఎచ్చటను లేదు. వీస్లోఖ్ అను ఊరి మందులదుకాణమున మరకలు తీయుటకు అమ్మెడి లిగ్రాయిన్ అను నూనెను కొని ఆమె పయనము సాగించెను. పెట్రోలు బండి సౌకర్యమని మన మనుకొనునది ఇంజనులో నున్న గుణము మాత్రమే కాదు. నాలుగు మైళ్లకొక బంకు పెట్టిన నూరేండ్ల శ్రమ అందులో నున్నది. బ్యాటరీ బండికి అట్టి త్రోవ ఇప్పుడిప్పుడే పడుచున్నది.

ఈ దృష్టితో చూచినచో కార్టుల తగవు సులభముగా తీరును. కార్టు ఎచ్చటికిని పోదు. బయలుదేరిన చోటికే తిరిగివచ్చును. పది నిమిషములు పరుగెత్తి, తరువాతి బాలుడు హెల్మెట్టు పెట్టుకొనువరకు నిలుచును. నిలిచినచోటనే ప్లగ్గు పెట్టవచ్చును. ఎంతదూరము పోవుననునది దానికి ప్రశ్నయే కాదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెమందలి కార్లును అట్టివే: మూడు కిలోమీటరులకు కొంచెము తక్కువైన చుట్టును మరల మరల తిరుగుచు, బ్రేకు వేసిన ప్రతిమారు చక్రపు వేగమునుండి కొంత విద్యుత్తును బ్యాటరీలోనికి తిరిగి తెచ్చుకొనుచు పోయినవి. కావున మేము విద్యుత్ పక్షమునకే తీర్పు చెప్పితిమి. పెట్రోలు పక్షపు నాయకునికే చట్రము వెల్డింగు చేయించు పని అప్పగించినందున అతడు మూడు దినములకే అలక మానెను.

తీర్పు అయినదనుకొన్న తరువాత అసలు ప్రశ్న వచ్చినది. ఆ తరగతిలోని యొక బాలుని తండ్రి లంకగ్రామములనుండి పిల్లలను పెట్రోలు ఆటోలో మన పాఠశాలకు చేర్చువారు. కుమారుడు లెక్కల పుస్తకమును ఇంట చూపెనట. ఒకనాటి సాయంకాలము ఆయన మాయొద్దకు వచ్చి, "మాస్టారండీ, కార్టు సంగతి సరేనండి, మరి నా ఆటో సంగతేంటండి? అప్పు చేసి కరెంటాటో కొనమంటారా? బండాగితే ఆ రోజు కూలాగినట్టేనండి," అని యడిగిరి.

మేము తొందరపడి బదులు చెప్పలేదు. ఆయనతోనే కూర్చుండి దినచర్యను వ్రాసితిమి. ఉదయము పిల్లలను దింపి, సంతవారిని రెండు మూడు ట్రిప్పులు త్రిప్పి, 12 గంటలకు మన గేటు ముందర వేపచెట్టుక్రింద బండి నిలిపి, 4 గంటలవరకు నిద్రించి, మరల పిల్లలను చేర్చును. దినమునకు అన్నియు కలిపి 80 కిలోమీటరులు. వారమునకొకసారి రాజమహేంద్రవరము బేరము వచ్చినచో ఇంకను ఎక్కువ. లిథియం ఆటోలు ఒక్క చార్జికి 100 కిలోమీటరులు దాటునని అమ్మువారు చెప్పుదురు; లంక దారిలో, నిండు బరువుతో, రెండేండ్లు వాడిన బ్యాటరీతో ఎంత పోవునో నడిపినవారినే యడుగవలెనని చెప్పితిమి. పెట్రోలుపై దినదినము మిగులునది మిగులు కాదనియు, అందులో పెద్దభాగమును క్రొత్త బ్యాటరీకై వేరుగా కట్టియుంచవలెననియు అంకెలతో చూపితిమి. సీసపు బ్యాటరీ బండియైనచో ఏడాది ఏడాదిన్నరకే ఆ ఖర్చు మీదపడును. ఎగువన వానలు కురిసి వరద వచ్చినచో, 2022 జూలైలో వలె, లంకలలో ముందుగా పోవునది కరెంటేయని ఆయనయే చెప్పిరి.

అయినను ఆ దినచర్యలో నాలుగు గంటల వేపచెట్టు నీడ యున్నది. ఆ నాలుగు గంటలును బండి మన గోడకు ఆరడుగుల దూరమున ఊరక నిలుచుచున్నది. అచ్చట ఒక ప్లగ్గు ఉన్నయెడల రాజమహేంద్రవరపు బేరమునకును ఆయన జంకనక్కరలేదు. అది లేనియెడల అప్పు చేయవద్దనియే మా సలహా. ఆయన తల పంకించి, అప్పు కాగితములను మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిరి.

పిల్లల కార్టు ప్రార్థన జరుగు సిమెంటు ముంగిటిలో పండ్రెండు చుట్లు తిరిగినది. సైకిళ్ల పాక గోడకు ప్లగ్గు పెట్టుటను గూర్చి మేము వ్రాసిన కాగితము పాఠశాల సంఘమువారి ముందున్నది. కరెంటు ఖర్చునకు వేరు మీటరు పెట్టవలెనా, ఆటోవారే నెలకింతయని చెల్లించవలెనా యను విషయము సెలవుల అనంతరము తేలవలసియున్నది.