నాన్నగారి పెట్టె

మా శాలిబండ యింటి అటక మీద పదిహేనేళ్ళ పైచిలుకుగా వొక కంప్యూటరు పెట్టె కూర్చుని వుంది. కిందటి నెల అటక ఖాళీ చేస్తూ దాన్ని పాతసామాన్ల వాడికి చూపించాను. అటూ యిటూ ఎత్తి చూసి 300 రూపాయలన్నాడు. సరే అనబోతూండగా వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అందులో మీ నాన్నగారు రాసుకున్నది వుందిరా."

నిజమే. రిటైరయ్యాక, 2005లో, వాళ్ళ నాయనమ్మ చెప్పగా విన్న మూసీ వరద కథ రాయడం మొదలుపెట్టారాయన. 1908 సెప్టెంబరు 28న మూసీ వూరిమీద పడేనాటికి ఆవిడ తొమ్మిదేళ్ళ పిల్లట. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఆ వరదలో 150 మందిని కొమ్మల మీద మోసి కాపాడిందని యిప్పటికీ చెప్పుకుంటారు గదా, అది అందరికీ తెలిసిన కథ. మా ముత్తవ్వ కథ మాత్రం ఆ పెట్టెలో తప్ప మరెక్కడా లేదు. 2009లో నాన్నగారు పోయారు. పెట్టె అటకెక్కింది.

కరెంటు పెట్టి చూస్తే పెట్టెకు వులుకూ పలుకూ లేదు. అంతమాత్రాన లోపలి డిస్కు పోయినట్టు కాదు. మనిషికి మాట పడిపోయినా జ్ఞాపకం వుండవచ్చు. మరలు విప్పి యినప పలకలాంటి ఆ 40 జీబీ డిస్కు బయటికి తీశాను. దాని వెనక రెండు వరసల సన్నని సూదులు, పక్కన కరెంటుకు నాలుగు లావుపాటి ముళ్ళు. నా లాప్‌టాప్‌లో వాటికి తగిన చోటే లేదు.

నయాపూల్ దాటి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మొదటి దుకాణదారు ఒక తీగ చేతిలో పెట్టి, ఇది చాలు పొమ్మన్నాడు. ఇంటికొచ్చి చూద్దును గదా, అది కొత్తరకం సాటా డిస్కులకే పడుతుంది. మర్నాడు మళ్ళీ వెళితే ఇంకో దుకాణంలో కుర్రవాడు డిస్కు తిప్పి చూసి, "ఇది పాత ఐడీఈ అంకుల్. దీని తీగ వేరు, కరెంటూ వేరు" అన్నాడు.

కరెంటు వేరెందుకని అడిగాను. లాప్‌టాప్ యూఎస్‌బీ రంధ్రం 5 వోల్టులే యిస్తుందట; పెద్ద డిస్కు మోటారు తిరగాలంటే 12 వోల్టులు కావాలట. మేకను తెచ్చి బండికి కడితే లాగుతుందా! అంచేత గోడ ప్లగ్గుకు పెట్టుకునే అడాప్టరు కూడా కొన్నాను. డబ్బు పుచ్చుకుంటూ అతను రెండు జాగ్రత్తలు చెప్పాడు: "ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే చచ్చినా అవునని నొక్కకండి. టకటకమని చప్పుడొస్తే వెంటనే ఆపేయండి."

ఆ రాత్రి అమ్మ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుంది. ప్లగ్గు పెట్టాను. గుయ్యిమని డిస్కు తిరిగింది. టకటకలు లేవు. నాన్నగారి అర తెరవబోతే, నాకు అనుమతి లేదంది కంప్యూటరు! ఆయన వున్నప్పుడూ ఆయన బల్ల సొరుగు నన్ను ముట్టనిచ్చేవారు కాదు. కొనసాగించమని నొక్కాక తలుపు తీసింది. ముందు అంతా వేరేచోటికి నకలు చేసుకుని, అప్పుడు ఫైలు తెరిచాను.

ఒక్క తెలుగక్షరం లేదు. అన్నీ గీతలూ, చుక్కలూ, ఇంగ్లీషు ముక్కలూ. అమ్మ ముఖం చూడలేకపోయాను.

ఛత్తా బజారులో పెళ్ళి శుభలేఖలు కంపోజు చేసే ఒకాయన తేల్చాడు గుట్టు. ఆ రోజుల్లో యూనికోడు వాడకం తక్కువ. నాన్నగారు అనూ ఫాంటులో కొట్టారు. ఆ ఫాంటు లేని యంత్రానికి అది తెలుగని తెలియదు. ఆయన తన కంప్యూటరులో తెరవగానే గీతలన్నీ లేచి అక్షరాలై కూర్చున్నాయి.

ఎనిమిది పేజీలు. ఇంటికొచ్చి అమ్మకు పైకి చదివాను. తొమ్మిదో పేజీలో ఒకటే వాక్యం: "అప్పుడు వాళ్ళన్న ఆవిడను భుజాన ఎత్తుకుని..." అంతే. ఆ తర్వాత ఖాళీ.

"భుజాన కాదు" అంది అమ్మ. "నడుముకు చీర కట్టి మిద్దెమీదికి లాగాడు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడే చెప్పింది. మీ నాన్నగారికి ఆ ముక్క ఎప్పుడూ తప్పే."

నేను మూత వేయబోయాను.

"మూయకు, రాసుకో" అంది.