వాగు అవతలి పల్లె నుంచి

భద్రాచలం

అమ్మా,

ఖమ్మంలో బస్సెక్కి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా నిన్న చీకటిపడ్డాక దిగాను. ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోకు. ఇక్కడ ఎవరిని కదిలించినా గోదావరి మాట అడుగుల్లోనే చెబుతారు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71 దాటింది, 53 దగ్గర మూడో హెచ్చరిక. అడవి వాగులకు ఆ లెక్కా లేదు, హెచ్చరికా లేదు. మేం రేపు వెళ్ళే కోయపల్లెలో ఓ కుర్రాడు మొన్న వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. అతని తమ్ముడితో హాస్టల్‌లో చదివే పిల్లలు పలకరించడానికి వస్తామని పట్టుబట్టారు.

చర్ల

అమ్మా,

దుమ్ముగూడెం మీదుగా చర్ల దాకా జీపు, ఆపైన నడక. దినాలింకా కాలేదు. పిల్లలు చాలాసేపు ఊరికే కూర్చున్నారు. చివరికి తమ్ముడే అడిగాడు, "ఆనంద్ కథ చెప్పండి" అని.

సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ది ఈ చర్ల మండలమే. తండ్రి సైకిల్ మెకానిక్. అన్నపురెడ్డిపల్లి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాడు. వెంట ఎక్కిన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఒక పాప మేకతాడు నడుముకు చుట్టుకుని చూపించింది: ఒక కొక్కెం విప్పేముందు రెండోది అవతలి తాడుకు పడి తీరాలట.

ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి, కొండదారిలో పనిచేసే నేపాలీలు 16 మంది చనిపోయారనీ, వీళ్ళు టిబెట్ వైపు నుంచి ఎక్కారనీ కూడా చెప్పింది. చావింట్లో ఆ మాటెందుకని నాకు గుబులు పుట్టింది. తాత తలెత్తాడు.

"ఆ పోయినోళ్ళ ఇళ్ళకు ఎవరన్నా పోయి పలకరించారా?"

"తెలీదు తాతా."

ఏదో ఒకటి అల్లి చెప్పనందుకు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. అప్పటిదాకా పెదవి విప్పని తాత మనవడి సంగతి ఎత్తుకున్నాడు. వానాకాలం బడిపిల్లల్ని భుజాలమీద వాగు దాటించేవాడట. తల్లి మధ్యలో అందుకుని, వాళ్ళ పేర్లన్నీ చెప్పింది. మా పిల్లలు పొద్దువాలేదాకా విన్నారు. చెప్పిన కథకన్నా ఆ వినడమే పెద్ద పనని నాకనిపించింది.

వాగుమీద వంతెన కోసం అర్జీ రేపు పిల్లలే రాస్తారు, నేను భద్రాచలం ఐటీడీఏ ఆఫీసులో ఇస్తాను. తమ్ముడు ఆనంద్ ఫోటో అడిగాడు. అప్పుడు నువ్వు దాచిన పేపరు బీరువా పై అరలో ఉంటుంది, వెతికి పంపించు.